ఎస్సైని అడగాల్సిన ఇంకో మాట

చెల్లెకు,

నువ్వు రాసిన దేవరకొండ బస్టాండు వార్త చదివిన. ‘మతిస్థిమితం లేని వ్యక్తి హల్‌చల్’ అని హెడ్డింగు, పక్కన అతని ఫొటో. రాయి విసిరింది రాసినవు, బస్సు అద్దం పగిలింది రాసినవు. అంతా కానిస్టేబులు చెప్పిందే. తర్వాత అతన్ని ఎటు తీస్కపోయిన్రో లేదు. నాకు తెలుసుకోవాలని ఉన్నది అదే.

నేను పేపరు డెస్కుల చేరిననాడు ‘పిచ్చివాడి వీరంగం’ అని జంకు లేకుండ పెట్టేటోళ్లు. ఇప్పుడు ‘డిప్రెషన్’ అంటున్నరు, భాష మెత్తబడ్డది. అయినా మనసుకు జబ్బు చేసిన మనిషి జిల్లా పేజీలకు ఇప్పటికీ ఠాణా నుంచే వస్తున్నడు. షుగరు గురించి డాక్టరును అడిగి రాస్తం, ఇతని గురించి ఎస్సైని అడిగి రాస్తం. చదివేటోళ్లు భయపడక ఏం చేస్తరు?

‘కడుపునొప్పి భరించలేక ఆత్మహత్య’ అని నల్లగొండల, పాలమూరుల ఎన్ని వార్తలు చదివి ఉంటవో. కొన్నిట్ల నిజంగనే కడుపునొప్పి కావచ్చు. కొన్ని మాత్రం మనసు జబ్బు సంగతి బయటపడొద్దని ఇంటోళ్లు ఫిర్యాదుల రాయించిన మాటలు. ఇంట్ల పెండ్లి కావాల్సిన బిడ్డ ఉంటది, ఊరోళ్ల నోళ్లకు జడుస్తరు. వాళ్లను తప్పుపట్టకు, తవ్వి బయట పెట్టకు. కారణం తెల్వనప్పుడు రాయకుంటే ఏం పోతది? ఎట్ల చనిపోయిండో వివరంగ రాయొద్దని, సంచలన హెడ్డింగులు వద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లనే చెప్పింది. డెస్కోళ్లు కసురుకున్నా గుర్తుచెయ్యి. (కసురుకుంటరు. నేనూ కసురుకునేటోణ్ణే.) కింద టెలీ మానస్, అంటే మనసు బాగాలేనోళ్లకు సర్కారు పెట్టిన ఫోను సాయం, నంబరు 14416 వెయ్యమను. 2022 నుంచి నడుస్తున్నది, పైసలు కట్టేది లేదు, తెలుగుల మాట్లాడుతరు.

ఇగ చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తెచ్చుకొని చదువు, కనీసం నూరో సెక్షన్. మనసు బాగాలేక రోడ్ల మీద తిరిగే మనిషిని పోలీసులు తమ రక్షణల తీసుకుంటే 24 గంటలలోపు దగ్గరి సర్కారు దవాఖానకు చేర్చాలె. లాకప్పుల పెట్టనే కూడదు. గొలుసులు వెయ్యొద్దని కూడ ఆ చట్టంలనే ఉన్నది. తమిళనాడు ఎర్వాడిల 2001 ఆగస్టు 6న గొలుసులతోని కట్టేసిన 28 మంది మనసు జబ్బు మనుషులు మంటలల్ల కాలిపోయిన్రు. ఆనాడు పేపర్లు కట్టేసినోళ్లను నిలదీసినయి. ఆ కోపం ఎన్నాళ్లో ఉండలేదు, మళ్లీ ‘హల్‌చల్’కే వచ్చినం.

అందుకే ఎస్సైని ఇంకో మాట అడుగు: ‘సార్, అతన్ని ఏ దవాఖానకు, ఎన్నిగంటలకు పంపిన్రు?’ ఏం చెప్పినా, చెప్పకున్నా అది వార్తే. ఆయనకు తెల్వదంటే ఆ ముక్కే రాయి.

తర్వాత ఒకరోజు నల్లగొండ పెద్ద దవాఖానల మానసిక వైద్యం ఓపీ కాడ కూర్చో. పెన్ను తియ్యకు. గోళీలు తీసుకొని మళ్ల పనికి పోయేటోళ్లు కనిపిస్తరు. మన పేపర్లల్ల అసలు రానిది వాళ్లే. ఎవరన్న మాట్లాడుతానంటే విను, పేరు వద్దంటే మానెయ్యి. చికిత్సల ఉన్నోళ్ల ఫొటోగాని వివరాలుగాని వాళ్ల ఒప్పుకోలు లేకుండ మీడియాకు ఇవ్వొద్దని చట్టమే చెప్తది కాబట్టి, దవాఖానోళ్లు ఇస్తామన్నా నువ్వు తీసుకోకు.

బస్టాండు ఫొటో వెబ్‌సైటుల ఇంకా ఉన్నది. రేపే తీసెయ్యమని చెప్పు. రెండో వార్త రాసినంక డెస్కు కంటే ముందు నాకు వాట్సాప్ చెయ్యి.

అన్న
నల్లగొండ