‘నీట్ పోయింది, ఇప్పుడేం చదవాలి?’ – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గోల. ఆస్పత్రికి సంబంధించిన చదువు చదవాలి, ఎంబీబీఎస్ రాలేదు లేదా వచ్చేలా లేదు, మిగతావాటి గురించి సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాం.

మా అమ్మాయి రెండోసారి నీట్ రాసింది. 720కి 380 దగ్గరే ఆగిపోయింది. మళ్లీ లాంగ్‌టర్మ్‌కి వెళ్తానంటోంది, వాళ్ల నాన్నేమో ఇక చాలంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఇంకేమైనా మంచి డిగ్రీలున్నాయా? – ఒక తల్లి, నరసరావుపేట

అమ్మా, మూడోసారి వెళ్లాలా వద్దా అన్నది వాళ్లిద్దరి మొండితనం మీద కాకుండా మార్కుల మీద తేల్చుకోండి. మొదటిసారికీ రెండోసారికీ మార్కులు బాగా పెరిగి, ఎక్కడ పోతున్నాయో (సాధారణంగా ఫిజిక్స్‌లోనే) స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకో ఏడాది ఇవ్వొచ్చు. రెండుసార్లూ దాదాపు అక్కడక్కడే ఉంటే మాత్రం ఇంకో ఏడాది హాస్టల్లో పెట్టడం వల్ల పిల్ల మీద టెన్షన్ తప్ప పెరిగేదేమీ ఉండదు. ఇది చెప్పడం కష్టమే, కానీ చెప్పాలి.

ఈలోపు కౌన్సెలింగ్ మాత్రం వదులుకోకండి. చాలామంది ఎంబీబీఎస్ రాదని తెలియగానే రిజిస్ట్రేషన్ కూడా చేసుకోరు. అదే నీట్ ర్యాంకుతో బీడీఎస్ (దంత వైద్యం), ఆయుర్వేదం, హోమియో సీట్లు కూడా ఇస్తారు. ఆయుర్వేదం, హోమియో రెండూ నాలుగున్నరేళ్ల చదువు, పైన ఏడాది ఇంటర్న్‌షిప్. విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, గుడివాడలో ప్రభుత్వ హోమియో కళాశాల ఉన్నాయి. కానీ ఆ వైద్యం మీద అమ్మాయికి నమ్మకం ఉంటేనే చేర్పించండి. పేరు ముందు డాక్టర్ వస్తుందని చేరి ఐదున్నరేళ్లు ఇష్టం లేకుండా గడిపేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో మొదలైంది, కేవలం వైద్య చదువుల కోసమే పెట్టిన యూనివర్సిటీల్లో దేశంలో అదే మొదటిది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వరంగల్‌లో కాళోజీ యూనివర్సిటీ వచ్చింది. ఈ రెండూ ఎంబీబీఎస్ కోసమే అనుకుంటారు చాలామంది. నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, డయాలసిస్, అనస్తీషియా, ఇమేజింగ్, ఆప్టోమెట్రీ ఇవన్నీ వాటి కిందే నడుస్తాయి. ఫిజియోథెరపీకి మాత్రం అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ సిలబస్‌నూ ప్రవేశ నియమాలనూ మారుస్తోంది కాబట్టి, నీట్ అడుగుతున్నారా లేదా అన్నది మీరు చేరే ఏడాది యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి. సీనియర్లు చెప్పిన మాట, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన మాట లెక్కలోకి తీసుకోవద్దు.

అన్నిటికంటే ముందు, అమ్మాయికి డాక్టర్ అవడం ఇష్టమా, రోగుల మధ్య పనిచేయడం ఇష్టమా అన్నది కనుక్కోండి. రెండోదే అయితే ఆమెకు దారులు చాలా ఉన్నాయి.

మా అబ్బాయికి బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) సీటు ఇస్తామని ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్లు అడ్వాన్స్ కట్టమంటున్నారు. బిల్డింగ్ బాగానే ఉంది. మంచి కాలేజీ అవునో కాదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? – ఒక తండ్రి, ఖమ్మం

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నమస్కారం. అడ్వాన్స్ కట్టేశాక అడిగేవాళ్లే ఎక్కువ.

బిల్డింగ్ చూడకండి, ఆస్పత్రి చూడండి. ఆరోగ్య చదువుల్లో సగం చదువు రోగుల దగ్గరే జరుగుతుంది. ఆ కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, లేక వేరే ఆస్పత్రితో ఒప్పందం ఉందా, ఉంటే ఆ కాగితం చూపిస్తారా అని అడగండి. తర్వాత మీరూ అబ్బాయీ కలిసి ఒక మామూలు రోజున ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్యలో ఆ ఆస్పత్రి ల్యాబ్ దగ్గరికి వెళ్లండి. బ్లడ్ తీసే చోట క్యూ ఉండాలి. ఊదా రంగు మూత ట్యూబులు సీబీపీకి (రక్తకణాల లెక్క), బూడిద రంగువి షుగర్‌కి, అలా స్టాండుల్లో నిండుగా కనిపించాలి. ఆ మూతల రంగులు అందం కోసం కాదు. షుగర్ ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది, అది లేకపోతే రక్తకణాలు అందులోని చక్కెరను వాడేసుకుంటూ ఉంటాయి, రిపోర్టు వచ్చేసరికి అంకె తగ్గిపోతుంది. మంచి ల్యాబులో పొద్దున్నే రోగుల శాంపిళ్లకంటే ముందు కంట్రోల్ శాంపిల్ (ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన శాంపిల్) నడిపి మెషిన్ సరిగ్గా చదువుతోందో లేదో చూస్తారు. అది అక్కడి పిల్లలకు తెలుసా? ఫైనలియర్ పిల్లవాణ్ని పక్కకు పిలిచి “బాబూ, ఇవాళ పొద్దున కంట్రోల్ వేశారా, ఎవరు వేశారు?” అని అడిగి చూడండి. వాడు తడుముకోకుండా చెప్పాడంటే అక్కడ పని నేర్పుతున్నారు. “మాకు మెషిన్ ముట్టుకోనివ్వరండీ” అన్నాడంటే ఆ కాలేజీ సంగతి మీకు అర్థమైపోయినట్టే.

రెండోది, అనుమతి. కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఆ కోర్సుకు అనుబంధ కాలేజీల జాబితా ఉంటుంది, అందులో కాలేజీ పేరుతో పాటు కోర్సు పేరు, సీట్ల సంఖ్య కూడా చూడండి. ఒక కోర్సుకు అనుమతి ఉండి ఇంకోదానికి లేని కాలేజీలు ఉంటాయి, అక్కడే జనం దెబ్బతింటారు. వేరే రాష్ట్రం యూనివర్సిటీ పేరుతో మన ఊళ్లో క్లాసులు నడిపేవాళ్ల జోలికి అసలు పోకండి. 2021లో కేంద్రం అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తెచ్చింది. ల్యాబ్, డయాలసిస్, ఇమేజింగ్, ఫిజియో లాంటి వృత్తులకు రిజిస్టర్, కౌన్సిల్ ఉండాలని అది చెబుతోంది. అంటే రేపు మీవాడి పట్టాకు రిజిస్ట్రేషన్ అయితేనే విలువ. కాలేజీ వాళ్లను “మీ దగ్గర చదివితే ఏ కౌన్సిల్‌లో రిజిస్టర్ చేస్తారు?” అని ఒక్క ముక్క అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

ఇంకొక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటే వెరిఫికేషన్‌కి చూపించి వెనక్కి తెచ్చుకోండి. రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి.

మాది సోంపేట దగ్గర పల్లె. మా ఊళ్లో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. బీఎస్సీ డయాలసిస్ చేద్దామనుకుంటే, బంధువులు అది ఉత్త టెక్నీషియన్ పని, డిగ్రీ ఎందుకు దండగ అంటున్నారు. – ఇంటర్ బైపీసీ విద్యార్థి

తమ్ముడూ, ఉద్దానం నుంచి ఈ ఉత్తరం రావడం చూసి చాలా సంతోషమేసింది. మీ బంధువులు ఎప్పుడైనా ఒక డయాలసిస్ సెషన్ మొదటి నుంచి చివరి దాకా చూసి ఉంటే ఆ మాట అనరు.

రోగి రాగానే బరువు చూస్తారు. గత సెషన్ తర్వాతి బరువుకూ ఇవాళ్టి బరువుకూ ఉన్న తేడాను బట్టి ఈ నాలుగు గంటల్లో ఎంత నీరు లాగాలో లెక్క వేస్తారు. ఎక్కువ లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. తక్కువ లాగితే రాత్రికి ఆయాసం. చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటు) దగ్గర వేళ్లు పెడితే సన్నగా జుమ్మని కంపనం తగలాలి, తగల్లేదంటే అది మూసుకుపోతోందేమో, సూది గుచ్చకుండా డాక్టర్‌ని పిలవాలి. తర్వాత రెండు సూదులు, ఒకటి రక్తం బయటికి, ఇంకొకటి లోపలికి. ఎదుటి మనిషి వారానికి మూడుసార్లు, ఏళ్ల తరబడి అదే చెయ్యి చాస్తాడు. చెయ్యి తిరిగిన టెక్నీషియన్ డ్యూటీలో ఉన్నాడో లేడో అని రోగులు గుమ్మంలోనే తొంగి చూస్తారు. గది వెనకాల నీటిని శుద్ధి చేసే ఆర్వో ప్లాంట్ ఉంటుంది, దాని బాధ్యత కూడా ఈ చదువులో భాగమే. ఇదంతా చూసి నేర్చుకుంటే చాలదు, ఎందుకు అలా చేస్తున్నామో తెలియాలి. డిగ్రీ అందుకే.

మూడేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించాక ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ యూనిట్లు వచ్చాయి. మీ దగ్గర పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. మీ ఊరి మాట మాట్లాడే, మీ ఊరి తిండి తెలిసిన పిల్లవాడు అక్కడ మంచం పక్కన నిలబడితే ఆ రోగులకు ఎంత ధైర్యమో ఆలోచించు. మొదట్లో ప్రైవేట్‌లో జీతాలు తక్కువే, అది దాచను. అనుభవం వచ్చేకొద్దీ మారుతుంది. చేరేముందు ఖమ్మం వారికి పైన చెప్పినట్టే ఆస్పత్రి చూసుకో, ఎన్ని మెషిన్లున్నాయి, ఎన్ని షిఫ్టులు నడుస్తున్నాయి అని అడుగు.

బీఎస్సీ నర్సింగ్ మంచిదా, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మంచిదా? జర్మనీ వెళ్లాలని ఉంది. ఇంట్లో నర్సింగ్ అంటేనే ముఖం చిట్లిస్తున్నారు. – ఒక పాఠకురాలు, కరీంనగర్

బైపీసీ చదివి, నాలుగేళ్లు చదివించే స్తోమత ఉంటే బీఎస్సీకే వెళ్లమ్మా. జీఎన్ఎం మూడేళ్లు, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి అదే డిగ్రీకి చేరొచ్చు, ఆర్థికంగా తొందరగా నిలదొక్కుకోవాల్సినవాళ్లకు అది మంచి దారే. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నేరుగా రాయొచ్చు, జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి.

జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే బీ2 స్థాయి (మధ్యస్థం కంటే పై మెట్టు) జర్మన్ భాష రావాలి. అది చివరి ఏడాదిలో హడావుడిగా వచ్చేది కాదు, కాబట్టి రెండో ఏడాది నుంచే మొదలుపెట్టు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ నర్సింగ్ ఉద్యోగాలకు శిక్షణ ఇస్తుంటుంది, ఏజెంట్లకు లక్షలు పోసే ముందు అక్కడ అడుగు. ఇంట్లోవాళ్ల సంగతంటావా, కోవిడ్ రోజుల్లో ఐసీయూ లోపల తమవాళ్ల పక్కన ఎవరున్నారో వాళ్లనే గుర్తు చేసుకోమను.

నేను ఎంపీసీ. ఆరోగ్య రంగంలో నాకేమీ లేనట్టేనా? – ఒక విద్యార్థి, కర్నూలు

ఎందుకు లేదూ? బీఫార్మసీ నాలుగేళ్లు, ఫార్మ్‌డీ ఆరేళ్లు, రెండిటికీ ఈఏపీసెట్ ద్వారా ఎంపీసీ వాళ్లను తీసుకుంటారు. ఫార్మ్‌డీలో ఐదేళ్లు చదువు, ఆరో ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. మందుల తయారీ ఇష్టమైతే బీఫార్మసీ, వార్డులో డాక్టర్లతో తిరుగుతూ ఏ మందు ఎవరికి పడుతుంది, ఏది దేనితో కలవకూడదు అని చూసే పని ఇష్టమైతే ఫార్మ్‌డీ. మెషిన్లంటే మోజుంటే బయోమెడికల్ ఇంజనీరింగ్ చూడు, ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది.

డిగ్రీ అయిపోయింది, ఆస్పత్రి వాసన పడదు, కానీ ఆరోగ్య రంగంలో పనిచేయాలని ఉంది. – హైదరాబాద్

అయితే ఎంపీహెచ్ మీ కోసమే. పబ్లిక్ హెల్త్‌లో రెండేళ్ల పీజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్)లోనూ ఉంది. ఒక మండలంలో డెంగీ ఎందుకు పెరుగుతోంది, టీకాలు ఎవరికి అందలేదు, ఏ నీళ్లు తాగి జబ్బు పడ్డారు అన్నది లెక్కలతో పట్టుకునే పని. స్టాటిస్టిక్స్ అంటే భయపడితే మాత్రం ముందే ఆలోచించుకోండి. మీ డిగ్రీ న్యూట్రిషన్‌కు దగ్గరదైతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చే ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ కూడా చూడండి.

విదేశంలో ఎంబీబీఎస్, మొత్తం ప్యాకేజీ అంటూ ఏజెంట్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. నమ్మొచ్చా? – అనంతపురం

ఏజెంట్‌ని నమ్మడం, నమ్మకపోవడం పక్కన పెట్టి 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నియమాలు ముందు పెట్టుకోండి. నీట్‌లో అర్హత సాధించి ఉండాలి. అక్కడి కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ డిగ్రీతో ఆ దేశంలోనే డాక్టర్‌గా రిజిస్టర్ అయ్యే అర్హత ఉండాలి. తిరిగొచ్చాక ఇక్కడ అర్హత పరీక్ష పాసవ్వాలి, మళ్లీ ఇక్కడో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. వీటిలో ఒక్కటి తేడా వచ్చినా ఆరేళ్లూ డబ్బూ పోయినట్టే. పై నియమాలన్నీ తమ కోర్సుకు వర్తిస్తాయని ఆ యూనివర్సిటీ నుంచే, ఏజెంట్ లెటర్‌హెడ్ మీద కాకుండా, రాతపూర్వకంగా తెప్పించమనండి. తెప్పించలేకపోతే ఆ నంబర్ బ్లాక్ చేసేయండి.