బార్డర్‌లైన్ ఓవేరియన్ ట్యూమర్ అని ఆపరేషన్‌కి ముందే స్కాన్‌లో తెలుస్తుందా?

మీ చెల్లెలికి 30 ఏళ్లు, ఇంకా పిల్లల్లేరు, అండాశయంలో 7 సెంటీమీటర్ల సిస్టు, రిపోర్టులో "పాపిల్లరీ ప్రొజెక్షన్స్ (సిస్టు లోపలి గోడకి బుడిపెలు) ఉన్నాయి, బార్డర్‌లైన్ కావచ్చు" అని రాశారు. దాన్ని ఎంతవరకు నమ్మాలని అడిగారు. నాకూ దాదాపు ఇలాంటి రిపోర్టే వచ్చింది. ఆపరేషన్ తర్వాత బయాప్సీలో సీరస్ (లోపల నీరులాంటి ద్రవం ఉండే రకం) బార్డర్‌లైన్ అని తేలింది. నేను డాక్టర్‌ని కాను, పేషెంట్‌గా తెలుసుకున్నది చెప్తాను.

స్కాన్ అనుమానించగలదు, ఖాయం చేయలేదు. బార్డర్‌లైన్ అంటే కణాలు ఎక్కువగా పెరుగుతుంటాయి గానీ కింది కణజాలంలోకి చొచ్చుకుపోవు. చొచ్చుకుపోయాయా లేదా అన్నది గడ్డ బయటికి తీసి, చాలా చోట్ల ముక్కలు కోసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే తెలుస్తుంది. అలాగని స్కాన్‌ని తేలిగ్గా తీసిపారేయకండి. ఆపరేషన్ ఎవరు చేయాలి, ఎలా చేయాలి, అండాశయం ఎంత మిగల్చాలి, ఇవన్నీ ఆ అనుమానాన్ని బట్టే నిర్ణయిస్తారు.

నా మొదటి స్కాన్ పొట్ట మీంచి చేశారు. రిపోర్టులో "కాంప్లెక్స్ సిస్ట్" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అది పట్టుకుని ఎవరైనా ఏం చేయగలరు? మా గైనకాలజిస్ట్ నన్ను అండాశయం గడ్డలు ఎక్కువగా చూసే సోనాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ (యోని ద్వారా ప్రోబ్ పెట్టి చేసేది) చేస్తూ స్క్రీన్ నావైపు తిప్పారు. సిస్టు నల్లగా ఉంది, లోపలి గోడకి తెల్లటి చిన్న చిన్న బుడిపెలు. ప్రోబ్‌తో మెల్లగా తోశారు. గడ్డకట్టిన రక్తమైతే అలా తోసినప్పుడు ఊగుతుందట, ఇవి కదల్లేదు. కలర్ డాప్లర్ పెట్టగానే ఒక బుడిపె మొదట్లో ఎర్రటి చుక్క వెలిగింది. అంటే దాంట్లోకి రక్తం వెళ్తోంది. తర్వాత సిస్టు అంచున పలచగా మిగిలిన మామూలు అండాశయాన్ని, అందులోని ఫాలికల్స్‌ని (అండాలు పెరిగే చిన్న సంచుల్ని) ఓపిగ్గా వెతికి పట్టుకున్నారు. అది కనిపిస్తే చొచ్చుకుపోయే రకం క్యాన్సర్ అయ్యే అవకాశం తగ్గుతుందని చెప్పారు. నాకు కాస్త ఊపిరాడింది అప్పుడే.

కాబట్టి మీ చెల్లెలి రిపోర్టులో బుడిపెలు ఎన్ని, ఎంత ఎత్తు (3 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉంటేనే పాపిల్లరీ ప్రొజెక్షన్‌గా లెక్క), వాటిలో రక్తప్రవాహం ఉందా, రెండో అండాశయం ఎలా ఉంది, పొట్టలో నీరు చేరిందా అన్నవి రాశారో లేదో చూడండి. లేకపోతే ఇంకో స్కాన్ అడగండి, మొహమాటపడకండి. అండాశయం గడ్డల స్కాన్‌ల మీద పరిశోధన చేసే ఐయోటా అనే అంతర్జాతీయ బృందం 2014లో ప్రచురించిన ఆడ్నెక్స్ మోడల్ అని ఒకటుంది. వయసు, గడ్డ సైజు, బుడిపెల సంఖ్య లాంటి 9 వివరాలు ఇస్తే, బార్డర్‌లైన్ అయ్యే అవకాశం ఎంతో విడిగా శాతంలో చూపిస్తుంది. అయినా అది అంచనాయే. సిస్టడెనోఫైబ్రోమా అనే మామూలు గడ్డలోనూ బుడిపెలుంటాయి, కాకపోతే వాటి వెనక నల్లటి నీడ పడుతుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎండోమెట్రియోమా (ఎండోమెట్రియోసిస్ వల్ల, అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడం వల్ల, అండాశయంలో వచ్చే సిస్టు) కూడా అచ్చం ఇలాగే కనిపించి మోసం చేస్తుంది.

మ్యూసినస్ రకం (లోపల జిగురులాంటి ద్రవం ఉండేది) ఇంకా తికమక. పెద్దగా, లోపల బోలెడు గదులతో ఉంటుంది, బుడిపెలు ఉండకపోవచ్చు. మామూలు సిస్టే అనుకుని వదిలేసే అవకాశం ఎక్కువ.

సీఏ-125 అనే రక్తపరీక్ష నార్మల్‌గా ఉందని నిశ్చింతగా ఉండకండి. నాదీ నార్మలే. బార్డర్‌లైన్‌లో చాలామందికి అది పెరగదు, ఎండోమెట్రియోసిస్ ఉంటే మాత్రం ఊరికే పెరుగుతుంది. స్కాన్‌లో తేలకపోతే ఎమ్మారై పనికొస్తుంది.

ఇక ఆపరేషన్. సూదితో నీరు లాగేద్దామని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. సిస్టు పగలకుండా బ్యాగ్‌లో పెట్టి తీస్తారా, ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) సౌకర్యం ఉందా, వీలైతే గైనిక్ ఆంకాలజిస్ట్ (ఆడవాళ్ల క్యాన్సర్ల సర్జన్) చేస్తారా అని ముందే అడగండి. పెద్ద మ్యూసినస్ గడ్డల్లో ఫ్రోజెన్ సెక్షన్ కూడా పొరబడుతుంది. అందుకే పిల్లలు కావాలనుకుంటే, ఆ పూట వచ్చే రిజల్ట్ మీద ఆధారపడి రెండో అండాశయం, గర్భసంచి తీయకూడదని కాన్సెంట్ ఫారంలో స్పష్టంగా రాయించాలి. నాకు ఒకవైపు అండాశయం, ట్యూబ్ తీశారు, రెండోది ఉంచారు. పీరియడ్స్ మామూలుగానే వస్తున్నాయి. సిస్టు మాత్రమే తీస్తే అండాశయం ఎక్కువ మిగులుతుంది, కానీ మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఏది మేలన్నది మీ చెల్లెలు, డాక్టర్ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఎలా చేసినా తర్వాత ఏళ్ల తరబడి స్కాన్‌లు తప్పవు.

ఈ ప్రశ్నలన్నీ మీరే కాగితం మీద రాసుకుని వెళ్లండి. టెన్షన్‌లో ఉన్న మనిషికి డాక్టర్ ఎదురుగా ఒక్కటీ గుర్తురాదు. డాప్లర్ గురించి రిపోర్టులో ఏం రాశారో ఇక్కడ పెడితే, నాకు తెలిసినంతలో చెప్తాను.