గోడ చదవడం కూడా నేర్చుకో

చిరంజీవి బుజ్జికి, అత్త ఆశీస్సులు.

నువ్వు భూకంపాల మీద పరిశోధనలో చేరావని మీ నాన్న ఫోనులో చెప్పగానే నాకు మహారాష్ట్రలోని కిల్లారి భూకంపం గుర్తొచ్చింది. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు కావస్తోంది. వినాయక నిమజ్జనం చేసి వచ్చి, అలసి నిద్రపోతున్న ఊళ్లవి. తీవ్రత 6.2. మన దేశపు భూకంప ముప్పు పటంలో ఆ ప్రాంతం అప్పటికి అతి తక్కువ ముప్పున్న ఒకటో జోన్‌లో ఉంది. మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, వాటి మీద బరువైన మట్టికప్పులు కూలి వేలమంది చనిపోయారు.

అందుకే భూకంప తరంగాలతో పాటు గోడ చదవడం కూడా నేర్చుకో. లోపలి వరస, బయటి వరస విడిపోకుండా గోడ మందమంతా పట్టే పొడవాటి రాళ్లు వేశారా? ద్వారబంధాల పైన నాలుగు గోడలనూ చుట్టి బిగించే పట్టీ ఉందా?

ఫీల్డుకు ఆడవాళ్లను పంపలేమని మొదట్లో నాతో అన్నారు. మగవాళ్లు మాత్రమే వెళ్లిన జట్లు అరుగు మీద ఇంటి పెద్దతో మాట్లాడి, ఫారాలు నింపుకుని వచ్చేవి. నేను వంటింట్లో కూర్చున్నాను. గిన్నెలు గలగలమన్నాయా, కింద పడ్డాయా, బిందెలో నీళ్లు తొణికాయా అని అడిగితే ఇల్లాళ్లు ఒక్కొక్కటీ చూపించారు. ఊరు ఎంతగా కదిలిందో మనం అంచనా కట్టేది వాటితోనే కదా! జట్టులోకి ఆడవాళ్లను తీసుకోవడం దయ అనుకునేవారికి ఈ మాట గట్టిగా చెప్పు.

గోదావరి లోయనూ మరవకు. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3. అక్కడి కోయ గూడేల్లో కోయ భాష వచ్చిన విద్యార్థికి చెప్పినంత వివరంగా నీకూ నాకూ చెప్పరు. అలాంటి పిల్లలు డిగ్రీ దాకా వచ్చి, ఇంగ్లీషుకు జంకి ఆగిపోవడం చూశాను. ఇప్పటికీ బాధగానే ఉంది. వారానికి ఒక సాయంత్రం వాళ్లకు కేటాయించు, దరఖాస్తులు దగ్గరుండి రాయించు.

మళ్లీ ఎప్పుడొస్తుందని ప్రతి ఊళ్లోనూ అడుగుతారు. తేదీ చెప్పగల శాస్త్రం ఇంకా లేదని సూటిగా చెప్పు. అంతటితో లేచి రాకు. కప్పు మీద ఏళ్లుగా పేరుకున్న మట్టిని కొంత దింపించమని చెప్పి రా.

జట్టులో అమ్మాయి పేరు ఒక్కటే ఉంటే, రెండో పేరు చేర్పించు. రాత్రి బస ఎక్కడ, మరుగుదొడ్డి ఉందా అన్నది బయలుదేరకముందే అడుగు. నేను మొహమాటపడి రోజంతా నీళ్లు తాగకుండా తిరిగాను. నువ్వు అలా చేయకు.

మీ అత్త