హోంవర్కుకి ఫుల్ మార్కులు, మిడ్‌టర్మ్‌లో 41... కోర్సు డ్రాప్ చేయాలా?

ప్రశ్న: అమెరికాలో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్, మొదటి సెమిస్టర్. మూడు కోర్సులు, 9 క్రెడిట్లు. బీటెక్‌లో 8.7 సీజీపీఏ ఉండేది. ఇక్కడ అల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో నూటికి 41 వచ్చాయి. దాని వెయిటేజీ 20 శాతం. హోంవర్కులకు మాత్రం అన్నిటికీ ఫుల్ మార్కులే. రూమ్‌మేట్స్ అందరం కలిసి, సీనియర్ల పాత సొల్యూషన్స్ చూసుకుని చేస్తాం. క్లాసులో ప్రొఫెసర్ స్పీడ్ అందుకోలేకపోతున్నాను, అడగాలంటే భయం. ఇంట్లో చెప్పలేదు. ఈ కోర్సు డ్రాప్ చేసేయనా?

జవాబు: ముందు ఒక మాట. పోర్టల్లో డ్రాప్ బటన్ మాత్రం ఇప్పుడే నొక్కకండి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు కోర్సు వదిలేయడం చదువుతో అయిపోదు, వీసా స్టేటస్ దాకా పోతుంది. మాస్టర్స్‌లో ఫుల్‌టైమ్ అంటే చాలా యూనివర్సిటీల్లో 9 క్రెడిట్లు. మీరు సరిగ్గా ఆ గీత మీదే నిలబడి ఉన్నారు. ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) ముందుగా ఒప్పుకోకుండా 6కి దిగితే స్టేటస్‌కే ముప్పు. తర్వాత వెళ్లి తెలియక చేశానంటే వినేవాళ్లు తక్కువ.

అలాగని దారి లేకపోలేదు. ఇక్కడి బోధన పద్ధతి కొత్త కావడం, మొదట్లో ఇంగ్లిష్‌తో ఇబ్బంది, తన స్థాయికి మించిన కోర్సులో పడటం లాంటి కారణాలతో తక్కువ క్రెడిట్లు చదవడానికి ఎఫ్-1 రూల్సే వీలిస్తాయి. కనీసం 6 క్రెడిట్లు ఉండాలి. తర్వాతి సెమిస్టర్‌లో మళ్లీ ఫుల్‌టైమ్‌కి రావాలి. అదీ ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే. ఒక్క మిడ్‌టర్మ్‌కే ఆ అవకాశం వాడేసుకోవాలా అన్నదే నా అనుమానం.

ఎందుకంటే 41 అన్నారు గానీ క్లాస్ యావరేజ్ ఎంతో రాయలేదు. యావరేజ్ 45 అయితే మీరు గుంపులోనే ఉన్నట్టు. 78 అయితే కంగారుపడాల్సిందే. కష్టమైన పేపర్ ఇచ్చి చివర్లో కర్వ్ చేసే, అంటే క్లాసు మొత్తం మార్కులను బట్టి గ్రేడ్లు సర్దే ప్రొఫెసర్లు ఇక్కడ చాలామంది. సరే, కర్వ్ లేదనే అనుకుందాం. 20 శాతం వెయిటేజీలో 41 అంటే మీ ఖాతాలో 8.2 పడ్డాయి, పోయినవి 11.8. ఇంకా 80 శాతం మార్కులు హోంవర్కులు, ప్రాజెక్టు, ఫైనల్ రూపంలో ఉన్నాయి. మొత్తం నూటికి 80 వస్తే బి గ్రేడ్ ఇచ్చే కోర్సయితే, మిగిలిన ఆ 80 శాతంలో 72 తెచ్చుకుంటే సరిపోతుంది. కష్టమే గానీ చేతికందనంత దూరం కాదు. చాలా గ్రాడ్యుయేట్ ప్రోగ్రాముల్లో జీపీఏ 3.0, అంటే బి యావరేజ్, తగ్గితే ప్రొబేషన్‌లో (హెచ్చరిక కింద) పెడతారు కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు స్పీడ్ గురించి, భయం గురించి రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో పెద్దగా కనిపించింది హోంవర్కుకి ఫుల్ మార్కులు, పరీక్షలో 41 అన్న ఆ తేడా. బీటెక్‌లో చాలామందికి అసైన్‌మెంట్ అంటే సబ్మిట్ చేసి పడేసే కాగితం, చదువంతా పరీక్షల ముందు పది రోజులే. ఇక్కడ హోంవర్కే క్లాసు. ప్రొఫెసర్ చెప్పే గంటంపావు దానికి ముందుమాట లాంటిది. క్రెడిట్ లెక్క కూడా అలాగే ఉంటుంది. ఒక క్రెడిట్‌కి వారానికి క్లాసులో ఒక గంట, బయట కనీసం రెండు గంటలు. మూడు క్రెడిట్ల కోర్సుకి క్లాసు కాకుండా ఆరు గంటలు. అల్గారిథమ్స్‌కి అదీ చాలదని నా అభిప్రాయం. సీనియర్ సొల్యూషన్ ముందు పెట్టుకుంటే ఆ ఆరు గంటలు నలభై నిమిషాల్లో అయిపోతాయి. మిగిలిన ఐదు గంటల ఇరవై నిమిషాలు పరీక్ష హాల్లో బయటపడ్డాయి.

పైగా ప్రమాదం కూడా. కోడ్‌లో పోలికలు పట్టడానికి మాస్ అని ఒక సాఫ్ట్‌వేర్ 1994 నుంచీ ఉంది (పేరు చూసి నవ్వుకోకండి). వేరియబుల్ పేర్లు మార్చినంత మాత్రాన దానికి కనబడకుండా పోదు. పాత సెమిస్టర్ల కోడ్‌ని కూడా కలిపి పోల్చే ప్రొఫెసర్లున్నారు. దొరికితే ఆ హోంవర్కుకి సున్నా నుంచి కోర్సు ఫెయిల్, సస్పెన్షన్ దాకా ఏదైనా కావచ్చు, సస్పెండ్ అయితే వీసా స్టేటస్ కూడా చిక్కుల్లో పడుతుంది. కలిసి చర్చించుకోవడం ఎంతవరకు తప్పు కాదో సిలబస్‌లో రాసి ఉంటుంది. ఆ పేరా ఈ రాత్రే చదవండి.

క్లాసులో చెయ్యెత్తడం భయమైతే ఎత్తకండి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. దానికోసమే ఆఫీస్ అవర్స్ ఉన్నాయి. వారంలో ఆ గంటా రెండు గంటలు ప్రొఫెసర్ మీలాంటివాళ్ల కోసమే తలుపు తీసుకుని కూర్చుంటారు. చాలా రోజులు ఎవరూ రారు. ఈ వారమే మిడ్‌టర్మ్ పేపర్ పట్టుకుని వెళ్లండి. మార్కులు పెంచమని అడగడానికి కాదు. తప్పు పోయిన ఒక ప్రశ్నని ముందు మీరే మళ్లీ చేసి, ఎక్కడ ఆగిపోయారో ఆ లైన్ కింద గీత గీసుకోండి. ‘ఇక్కడిదాకా ఇలా వచ్చాను సార్, ఈ రికరెన్స్ ఎందుకు సరిపోవడం లేదో అర్థం కాలేదు’ అని ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాసుకుని మరీ వెళ్లండి. ఏమీ అర్థం కావడం లేదు సార్ అంటే ఆయన కూడా ఏమీ చెప్పలేరు. గీత గీసిన లైన్ చూపిస్తే అక్కడి నుంచే మొదలుపెడతారు. ప్రొఫెసర్ దగ్గర బెరుకు పోకపోతే మొదటిసారి టీఏ (ప్రొఫెసర్‌కి సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్) దగ్గరికి వెళ్లండి. వాళ్లలో చాలామంది రెండేళ్ల కిందట మీలాగే వచ్చినవాళ్లు.

స్పీడ్ సంగతి పెద్ద సమస్య కాదు. స్లైడ్స్ ముందే పెడతారు కదా, రాత్రి ఇరవై నిమిషాలు తిప్పి చూసి వెళ్లండి. కొత్త పదాలు ముందే చెవిన పడి ఉంటే సగం వేగం తగ్గినట్టే అనిపిస్తుంది. ఇంట్లో చెప్పాలా అన్నది మీ ఇష్టం. నేనైతే లెక్క చేతిలో పెట్టుకుని చెప్తాను, ‘41 వచ్చాయి, ఇంకా 80 శాతం మిగిలే ఉంది’ అని.

డ్రాప్ విషయానికి మళ్లీ వస్తే, మీ యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండర్‌లో ‘డబ్ల్యూ’తో (గ్రేడ్ బదులు విత్‌డ్రా అని పడేలా) కోర్సు వదులుకునే ఆఖరు తేదీ ఉంటుంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకోండి. దానికి వారం ముందటి రోజుకి డీఎస్‌ఓతో అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. ఈలోగా రెండు హోంవర్కులు పాత సొల్యూషన్ తెరవకుండా మీరే చేయండి. ఫుల్ మార్కులు రావు, అరవయ్యో డెబ్బయ్యో వస్తాయి. ఆ రెండు మార్కులూ, క్లాస్ యావరేజూ కాగితం మీద రాసుకుని డీఎస్‌ఓ దగ్గర కూర్చోండి. అప్పుడు తీసుకునే నిర్ణయం ఏదైనా నేను కాదనను.