అడ్డు లేకపోతే కథ లేదు

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు పంపిన మూడు కథలూ చదివాను. ఒకటి ప్రేమకథ, ఒకటి హత్య, మూడోది రక్తపిశాచి. "ఏదో ఒక జానర్‌కే కట్టుబడి ఉండమని అందరూ అంటున్నారు అత్తయ్యా, నువ్వేమంటావు?" అని అడిగావు.

నేనైతే అలా అనను. యండమూరి వీరేంద్రనాథ్ చేతబడి నవల రాశారు, ప్రేమ నవల రాశారు, తర్వాత వ్యక్తిత్వ వికాసం పుస్తకాలూ రాశారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి హాస్యం, క్రైం, ప్రేమ, ఆధ్యాత్మికం అన్నీ రాశారు. పాఠకులు వాళ్ల వెంటే నడిచారు. వారపత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన తరం మాది. ప్రేమ సీరియల్ చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లే నాలుగు పేజీలు తిప్పి డిటెక్టివ్ సీరియల్ కూడా చదివేవాళ్లు. కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోకు. ఏ కథ మొదలుపెట్టినా నిన్ను నువ్వు అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో అడ్డు ఏమిటి?

ఎవరికో ఏదో కావాలి. అది దక్కకుండా ఏదో అడ్డుపడుతోంది. ఆ అడ్డు ఎలాంటిదన్న దాన్నిబట్టే జానర్ మారుతుంది. హత్య కథలో నిజం తెలియకపోవడమే అడ్డు. ప్రేమకథలో అది ఆ ఇద్దరి మనసుల్లోనో, వాళ్లని పెంచిన ఇళ్లలోనో ఉంటుంది. దయ్యం కథలో మన చేతికి చిక్కని శక్తి అడ్డుపడుతుంది. రక్తపిశాచి కథలో మాత్రం ప్రేమించేవాడి ఆకలే అడ్డు. ఎవరిని కోరుకుంటున్నాడో వాళ్లకే అతనివల్ల ప్రాణభయం. నాకు చాలా ఇష్టమైన కథలు ఇవి. అందుకే ఈ ఉత్తరంలో వాటి గురించే ఎక్కువ రాస్తాను.

ముందు ప్రేమకథ సంగతి. నీ హీరో ఆ అమ్మాయిని వాళ్ల బావతో చూసి అపార్థం చేసుకున్నాడు. అక్కడి నుంచి ఎపిసోడ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవు. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద కథ అంత దూరం నిలబడదు తల్లీ. చదివేవాళ్లకి "అడగొచ్చుగా!" అని విసుగొస్తుంది. అదే, అతనికి అమెరికా వెళ్లే హెచ్‌వన్‌బీ వీసా లాటరీలో పేరొచ్చిందనుకో. ఆమె ఒక్కతే కూతురు, తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇది ఎంత మాట్లాడుకున్నా తీరేది కాదు, మాట్లాడుకున్నకొద్దీ ఇంకా ముడిపడుతుంది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరు చెప్పేదీ న్యాయమే అయినప్పుడే మనకి గొంతులో ఏదో అడ్డుపడినట్టుంటుంది. సుఖాంతం కావాలంటే ఇవ్వు, ప్రేమకథ చదివేవాళ్లు దానికోసమే వస్తారు. కానీ ఆ సుఖం కోసం ఇద్దరిలో ఎవరు ఏం వదులుకున్నారో కనిపించాలి.

ఇంకో మాట. "అతని కళ్లలో అంతులేని ప్రేమ కనిపించింది" అని రాశావు. అది ఎవరైనా రాస్తారు. నీ కథలోనే ఆ అమ్మాయి ఉప్మాలో కరివేపాకు ఏరి పక్కన పెడుతుంది కదా, దాన్ని ఎందుకు వదిలేశావు? కొన్నాళ్ల తర్వాత టిఫిన్ సెంటర్‌లో ఇద్దరూ నిలబడి తింటున్నారనుకో. అతను ఆఫీసు గొడవేదో చెబుతూ చెబుతూ, ఆమె ప్లేట్లో కరివేపాకులు ఒక్కొక్కటే తన ప్లేట్లోకి తీసేసుకుంటాడు. తను ఆ పని చేస్తున్నట్టు అతనికే తెలీదు. ఆమె చూస్తుంది, ఏమీ అనదు. ఈ నాలుగు వాక్యాలు రాసి చూడు, ఆ కళ్ల వాక్యం దానంతట అదే పోతుంది.

హీరో చెయ్యి పట్టి లాగి గోడకి ఆనించే సీను మాత్రం తీసెయ్. ఆమెకి ఇష్టమో కాదో తెలుసుకోకుండా మీద పడేవాణ్ని ప్రేమికుడని పిల్లలకి చూపించడం నాకు సమ్మతం కాదు. ఈ విషయంలో నీతో వాదనకైనా సిద్ధమే.

హత్య కథ గురించి క్లుప్తంగా చెబుతాను. ముగింపు ముందు తేల్చుకో, తర్వాతే మొదటి పేజీ. ఆధారాన్ని చదివేవాళ్ల కళ్లముందే పెట్టాలి, కానీ నాలుగు వస్తువుల మధ్యలో. బల్లమీద మందుల చీటీ, కళ్లజోడు, రెండు టీ గ్లాసులు, పంచాంగం, ఫోన్ చార్జర్. ఒంటరిగా ఉండే ముసలాయన ఇంట్లో రెండో గ్లాసు ఎవరిదని చివర్లో ఇన్‌స్పెక్టర్ అడిగితే, పాఠకుడు "అరె, చదివానే!" అని పేజీలు వెనక్కి తిప్పాలి. అప్పటిదాకా మాటైనా రాని కవల తమ్ముణ్ని ఆఖరి పేజీలో దింపితే అది మోసం.

ఇక నీ రక్తపిశాచి.

పిశాచి కథలో ప్రేమేమిటని నీ స్నేహితులు నవ్వారన్నావు. పట్టించుకోకు. 1819లో పోలిడోరి రాసిన ఇంగ్లీషు కథలోనే రక్తపిశాచి లండన్ పెద్దింటి విందుల్లో తిరిగే ప్రభువు, ఆడవాళ్ల చూపులు తనవైపు తిప్పుకునేవాడు. 1872లో షెరిడన్ లె ఫాన్యూ 'కార్మిల్లా'లో పిశాచి ఒక అమ్మాయి, ఆమె మోహించిందీ ఒక అమ్మాయినే. బ్రాం స్టోకర్ 'డ్రాకులా' వచ్చింది ఆ తర్వాత పాతికేళ్లకి, 1897లో. ప్రేమా భయమూ ఈ కథల్లో మొదట్నుంచీ కలిసే ఉన్నాయి.

నియమాల దగ్గర మాత్రం జాగ్రత్త. వాంపైర్‌కి ఎండ తగిలితే చచ్చిపోతుందని అందరూ అనుకుంటారు. స్టోకర్ నవలలో డ్రాకులా పట్టపగలు లండన్‌లో తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయి, అంతే. ఎండకి చావడం అనేది 1922లో జర్మనీలో తీసిన 'నోస్ఫెరాటు' అనే మూకీ సినిమాతో వచ్చి పాతుకుపోయింది. అంటే నియమాలు నువ్వూ పెట్టుకోవచ్చు. కానీ పెట్టాక వాటికి నువ్వే ముందు లొంగాలి. నీ రెండో ఎపిసోడ్‌లో అతనికి ఎండ పడదు, ఐదో ఎపిసోడ్‌కి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద నడుస్తున్నాడు. అక్కడే చదివేవాళ్ల భయం పోతుంది. భయం పోతే అతని ప్రేమకున్న విలువ కూడా పోతుంది.

మంచి నియమం ఎలా ఉంటుందో చూడాలంటే మన బేతాళుణ్ని చూడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెబితే మౌనభంగమై బేతాళుడు శవంతో సహా మళ్లీ చెట్టెక్కుతాడు. ఎటైనా నష్టమే. 11వ శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో చెప్పినవి పాతిక కథలు. అదే చట్రంలో 'చందమామ' దశాబ్దాల తరబడి కొత్త కథలు వేస్తూ వచ్చింది. ఆ నియమంలో ఉన్న బలం అది. మన పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నారు కదా, అదీ అంతే. ఆ దయ్యాన్ని ఎవరూ చంపరు, తరమరు, రోజూ ఒక్కరోజు వాయిదా వేస్తారు. అదేమో వచ్చి, చదువుకుని, మాట ప్రకారం వెళ్లిపోయి, మర్నాడు మళ్లీ వస్తుంది. దాని ఓపిక తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది.

స్టోకర్ పెట్టిన ఇంకో నియమాన్ని నువ్వు సరిగ్గా వాడుకోలేదు. ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు పిలిస్తే తప్ప పిశాచి మొదటిసారి గడప దాటలేదు. ఇంగ్లండులో అది ఇంటికి రక్ష. మన ఇళ్లలో అదే కొంప ముంచుతుంది. వాకిట్లో ఎవరైనా నిలబడితే "అక్కడే ఆగిపోయావేం బాబూ, లోపలికి రా, మంచినీళ్లు తాగు" అనకుండా మీ నాయనమ్మ ఉండగలదా? ఆవిడ ఆ మాట అనే క్షణం రాయి. అతను ఒక్క నిమిషం పసుపు రాసిన గడప వంక చూసి, "వద్దులెండి అమ్మమ్మగారూ" అంటాడు. ఆవిడ ఊరుకోదు. అతనెందుకు వద్దన్నాడో చదివేవాళ్లకి తెలుసు, ఆవిడకి తెలీదు. కోరలు చూపించకుండానే పని జరిగిపోతుంది.

భోజనం సంగతి కూడా నువ్వు తేలిగ్గా దాటేశావు. తెలుగింట్లో ఏమీ తినకుండా తప్పించుకోవడం ఎంత కష్టం! హీరోయిన్ అక్క పెళ్లికి అతన్ని తీసుకొచ్చావు, అక్షింతలు వేయించి పంపేశావు. బంతిలో కూర్చోబెట్టు. ఆకులో నెయ్యి గడ్డకడుతుంది, పులిహోర పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. వడ్డించే ఆయన రెండోసారి వచ్చి "ఏం బాబూ, ఏమీ ముట్టుకోలేదు?" అంటాడు. పక్కాయన తలతిప్పి చూస్తాడు. ఎదురు వరుసలో ఆ అమ్మాయి తల్లి కూడా చూస్తుంది. అతను ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, ఆ అమ్మాయి వంక చూస్తూ మింగుతాడు. అన్నం అతని ఒంటికి విషమని మనకి ముందే చెప్పి ఉంచాలి. ఆ ఒక్క ముద్దతో నీ ప్రేమకథా నీ భయం కథా రెండూ నడుస్తాయి. నువ్వు రాసిన మూడు పేజీల వర్ణన కంటే ఇది బాగుంటుందని నా నమ్మకం.

రక్తం విషయంలో లెక్కలు తెలుసుకుని రాయి. మనదేశంలో రక్తదానంలో ఒకరి దగ్గర తీసుకునేది 350 మిల్లీలీటర్లు, తగిన బరువున్నవాళ్ల దగ్గర 450. మామూలు సంచిలో 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉంచితే 35 రోజులు నిలవుంటుంది. ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. నీ హీరో మనుషుల్ని చంపలేక బ్లడ్‌బ్యాంకులో నైట్ డ్యూటీ టెక్నీషియన్‌గా చేరాడన్న ఊహ నాకెంతో నచ్చింది. కానీ అక్కడితో అతని కష్టం తీరిపోయినట్టు రాశావు. తీరనివ్వకు. తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు, ఉన్న పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎండాకాలం సెలవుల్లో శిబిరాలు తగ్గి ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. ఆ రాత్రి మిగిలింది ఒక్క సంచి. బయట బెంచీ మీద తల్లి ఒళ్లో బాబు నిద్రపోతున్నాడు. ఇతను తాగి చాలా రోజులైంది, తాగకపోతే తెల్లవారి ఆ అమ్మాయి ఎదురుగా వచ్చినప్పుడు తనని తాను ఆపుకోలేడు. ఇప్పుడు ఏం చేస్తాడు? నీ నవలకి గుండెకాయ ఇదే.

చోటు గురించి. నీ కథ మంచుకొండల మధ్య కోటలో మొదలైంది. ఎంత వర్ణించినా అట్టమీద బొమ్మలాగే ఉంది, ఎందుకంటే నువ్వది చూడలేదు. స్టోకర్ కూడా ట్రాన్సిల్వేనియా చూడలేదు, పుస్తకాలు చదివి రాశాడు. కానీ పిశాచి ఓడ దిగే ఇంగ్లండులోని విట్‌బీ రేవులో 1890లో కొన్నాళ్లున్నాడు. అంతకు ఐదేళ్ల ముందు ఆ ఒడ్డున ఒక రష్యా ఓడ తుఫానుకి కొట్టుకొచ్చిన సంగతి అక్కడే తెలుసుకుని నోట్సు రాసుకున్నాడు. నవలలో ఓడ ఒడ్డుకొచ్చే భాగం అంత బాగా కుదిరిందంటే కారణం అదే. నీకు భీమిలి తెలుసు. అక్కడ డచ్చివాళ్ల పాత సమాధులున్నాయి, బందరులోనూ ఉన్నాయి. 17వ శతాబ్దంలో బట్టల వ్యాపారానికి ఈ తీరానికొచ్చి, తిరిగి వెళ్లలేక ఇక్కడే పోయినవాళ్లు. పరాయి దేశపు పిశాచి మన ఒడ్డున ఎందుకున్నాడన్న ప్రశ్నకి అక్కడ జవాబు సిద్ధంగా ఉంది. సముద్రపు గాలికి తలుపు గొళ్లేలు తుప్పుపట్టడం నువ్వు చూశావు, ఉప్పు చేపల వాసన నీకు తెలుసు. వాటితో మొదలుపెట్టు.

ఒక హెచ్చరిక. పిశాచి లేవాలంటే పూడ్చిన శవం కావాలి, మనలో చాలామంది దహనం చేస్తారు. అందుకని పూడ్చే ఆచారమున్న మన ఊరివాళ్ల శ్మశానాన్ని తీసుకుని భయపెట్టడానికి వాడుకోకు. అక్కడ నిజంగా తల్లిదండ్రుల్ని పూడ్చుకున్నవాళ్లు నీ కథ చదువుతారు. అలాగే చేతబడి, బాణామతి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్నాయి. ఏ ముసలావిణ్నీ "మంత్రగత్తె" అని చూపించి కథని సుఖాంతం చెయ్యకు.

ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోందని రాశావు, అతనికి మూడొందల ఏళ్లు. ఆమెని పాతికేళ్ల దాన్ని చెయ్యి, ఉద్యోగం ఇవ్వు. అప్పుడు ఆమె తెలిసి అడుగు వేస్తుంది, నిర్ణయం ఆమెదవుతుంది.

మారుపేరు పెట్టుకోనా అని అడిగావు. నీ పేరుతోనే అన్నీ రాయి. ఏ కథ ఏమిటో మొదటి పేరాలోనే తెలిసేలా చూసుకో చాలు. ప్రేమకథ అనుకుని తెరిచినవాళ్లకి పదో పేజీలో రక్తం కనిపిస్తే కోపం వస్తుంది, అది న్యాయమైన కోపమే. వాక్యం నడక కూడా మార్చు. ప్రేమకథలో నీ వాక్యం తీరుబడిగా సాగొచ్చు, భయం దగ్గరికి వచ్చేసరికి పొట్టివైపోవాలి. రాసింది పైకి చదువుకుంటే నీకే తెలుస్తుంది.

ముందు ఆ పెళ్లి బంతి సీనూ, బ్లడ్‌బ్యాంకు రాత్రీ తిరగరాసి పంపు. ప్రేమకథకి డయాలసిస్ సంగతి వద్దనుకుంటే ఇంకేదైనా అడ్డు వెతుకు, కానీ ఆ బావని మాత్రం తీసెయ్. హత్య కథ హంతకుడెవరో నీకు తేలేదాకా పక్కన పెట్టు. మీ నాన్నకి నేనడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య