నిజం మాట్లాడే నోటికి కావలి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషిని. ముఖస్తుతి నాకు చేతకాదు. మా సంఘంలోని ఒక సహోదరి తన పిల్లల ప్రవర్తన గురించి బాధపడుతుంటే, తప్పు ఆమె పెంపకంలోనే ఉందని నాకు తోచింది తోచినట్టు చెప్పాను. అప్పటినుంచి ఆమె ప్రార్థన కూడికకు రావడం మానేసింది. కాపరిగారేమో నన్ను ఆచితూచి మాట్లాడమంటున్నారు. నెమ్మది పేరుతో నిజాన్ని దాచడం కపటం కాదా?

సమాధానం: కపటమంటే మీకున్న భయం మంచిదే. దానిని పోగొట్టుకోవద్దు. శాంతి లేని చోట శాంతి ఉందని జనాన్ని నమ్మించిన ప్రవక్తలను యిర్మీయా ప్రవక్త ఎంత తీవ్రంగా ఖండించాడో మీకు తెలుసు. సంఘంలో అందరూ అందరితో తియ్యగా మాట్లాడుతూ, ఎవరి గాయమూ ఎవరికీ కనబడకుండా గడిపేయడం కూడా అబద్ధంలో బతకడమే. కాబట్టి మీ కాపరిగారు మిమ్మల్ని నిజం మానేయమంటున్నారని నేను అనుకోవడం లేదు.

అయితే సత్యమే మాట్లాడాలని మనకు చెప్పిన ఎఫెసీ పత్రిక నాలుగవ అధ్యాయాన్ని మరొకసారి నిదానంగా చదవండి. అక్కడ పౌలు ఆజ్ఞ ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు, కారణం కూడా చెప్పాడు: "మనము ఒకరికొకరము అవయవములై యున్నాము గనుక." అంటే మనం నిజం చెప్పవలసింది మన నిజాయితీని నిరూపించుకోవడానికి కాదు, ఎదుటివారు మన శరీరంలో భాగం కనుక. మరి కొన్ని వాక్యాల తరువాత అదే కలం "క్షేమాభివృద్ధికరమైన అనుకూలవచనమే పలుకుడి" అని రాసింది. మొదటి మాటను కంఠస్థం చేసి రెండవదాన్ని వదిలేసేవారు మనలో చాలామంది ఉన్నారు. రెండవదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేసేవారూ అంతే మంది ఉన్నారు.

ఏ తప్పూ లేకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబును, అతణ్ని ఓదార్చడానికి వచ్చిన స్నేహితులను తలచుకోండి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు వచ్చి ఏడు రాత్రింబగళ్లు అతని పక్కన నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. వారు చేసిన పరిచర్యలో శ్రేష్ఠమైనది ఆ వారమేనని నా నమ్మకం. తరువాత నోరు విప్పి వారు చెప్పిన సిద్ధాంతాలలో చాలావాటిని విడిగా తీసి చదివితే తప్పు పట్టలేము. దేవుడు న్యాయవంతుడని, పాపానికి ఫలితం ఉంటుందని మనమూ నమ్ముతాము. కానీ బిడ్డలను పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న మనిషి ముందు ఆ మాటలు అబద్ధమయ్యాయి, ఎందుకంటే అతని విషయంలో జరిగింది అది కాదు. వారు తమకు తెలియని సంగతికి తమకు తెలిసిన సూత్రాన్ని అంటగట్టారు. చివరి అధ్యాయంలో దేవుడు వారిమీదనే కోపగించాడు. విలపించి, వాదించి, దేవునితోనే మొరపెట్టుకున్న యోబు మాటలను యుక్తమైనవన్నాడు.

మీ విషయంలో నేను అడగదలచింది ఇదే. ఆ సహోదరి ఇంట్లో ఏమి జరుగుతున్నదో ఆమెను అడిగి తెలుసుకున్నారా, లేక కనబడినదాన్ని బట్టి తీర్పుకు వచ్చారా? సంగతి వినకముందే జవాబిచ్చేవాడు సిగ్గుపడతాడని సామెతల గ్రంథం పద్దెనిమిదవ అధ్యాయం చెబుతున్నది. మీరు చెప్పింది మీకు తోచిన అభిప్రాయం. మనసులోని అభిప్రాయాన్ని దాచకపోవడం ఒకటి, అది సత్యం కావడం మరొకటి. ఈ తేడాను గమనించకుండా "నేను నిజమే చెప్పాను" అనుకోవడం సూటిగా మాట్లాడేవారికి ఎదురయ్యే పెద్ద శోధన.

దీనికి ఎదురుగా నాతాను ప్రవక్తను నిలిపి చూడండి. దావీదు రాజు చేసింది వ్యభిచారం, హత్య. నాతానుకు విషయం స్పష్టంగా తెలుసు, పైగా దేవుడే పంపాడు. అయినా అతడు ఆరోపణతో మొదలుపెట్టలేదు. పేదవాని ఒక్క గొఱ్ఱెపిల్ల కథ చెప్పి, రాజు తన నోటితోనే తీర్పు చెప్పేదాకా ఆగి, అప్పుడు "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఆ మాటలో మెతకదనం లేదు. కానీ దాన్ని రాజు ముఖం ముందరే అన్నాడు. అంటే తనకు కలిగే లాభం లేదు, తల పోయే ప్రమాదం మాత్రం ఉంది. కఠినమైన నిజం చెప్పబోయే ముందు, దీని మూల్యం నేను చెల్లిస్తున్నానా, లేక వినేవారిచేత చెల్లింపజేస్తున్నానా అని ప్రార్థనలో అడిగి చూడండి. నాకు తెలిసినంతలో, చెప్పడం చాలా సులువుగా ఉన్న నిజాలను ఒక రాత్రి ఆపి ఉంచడం మంచిది, చెప్పడానికి గుండె జంకే నిజాలను మాత్రం ఎక్కువ కాలం వాయిదా వేయకూడదు.

సాధనగా చేయదలిస్తే, ఉదయం 141వ కీర్తనలోని "నా నోటికి కావలియుంచుము" అనే ప్రార్థనతో మొదలుపెట్టండి. రాత్రి ఆ రోజు జరిగిన సంభాషణలలో ఒక్కదాన్ని దేవుని సన్నిధిలో మళ్లీ వినండి. ఎక్కడ గొంతు పెరిగింది, ఎక్కడ కొంచెం కలిపి చెప్పాను, ఎక్కడ చెప్పవలసింది మింగేశాను? జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన దినాంత ఆత్మపరిశీలన ఇటువంటిదే. పొరుగువాని మాటను ఖండించడం కంటే దానికి మంచి అర్థం తీయడానికి ముందుగా సిద్ధపడాలని, అర్థం కాకపోతే అతణ్నే అడగాలని కూడా ఆయన రాశాడు. ఆ సహోదరి దగ్గరకు ఈ వారమే వెళ్లండి. సమర్థించుకోకుండా, "నేను మీ మాట పూర్తిగా వినలేదు, ఇప్పుడు వినాలని వచ్చాను" అని చెప్పి, ఆమె మాట్లాడినంతసేపూ ఊరుకోండి.

ప్రశ్న: ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడడానికి అబద్ధమాడవచ్చా?

సమాధానం: యెరికో పట్టణంలో రాహాబు అనే స్త్రీ ఇశ్రాయేలు వేగులవారిని దాచి, వెదుకుతూ వచ్చినవారితో వారు వెళ్లిపోయారని చెప్పింది. పుట్టిన మగబిడ్డలను చంపమన్న ఐగుప్తు రాజు ఫరోకు హెబ్రీ మంత్రసానులు, ఆ బిడ్డలను బతకనిచ్చి, నిజం చెప్పలేదు, దేవుడు వారికి మేలు చేశాడు. అయినా తొలి శతాబ్దాల సంఘ బోధకుడైన అగస్టీను మాత్రం ఏ కారణానికైనా అబద్ధం పాపమేనని గట్టిగా వాదించాడు, ఆ మంత్రసానులు మేలు పొందింది తమ కనికరానికే కాని అబద్ధానికి కాదన్నాడు. ఈ విషయంలో క్రైస్తవులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. హంతకుని చేతికి నిర్దోషిని అప్పగించే నిజాన్ని దేవుడు మననుంచి కోరడని నేను నమ్ముతున్నాను. కానీ మనం రోజూ ఆడే అబద్ధాలలో ఎవరి ప్రాణమూ ఇమిడి ఉండదు.

ప్రశ్న: మా కూడికలో ప్రార్థన అంశాలు చెప్పుకునేటప్పుడు ఇతరుల ఇంటి సంగతులు బయటికి వస్తున్నాయి. ఎవరైనా వారిస్తే, "ప్రార్థన కోసమే కదా" అంటున్నారు. ఇది తప్పా?

సమాధానం: తప్పే. "ఫలానా కుటుంబం కోసం ప్రార్థించండి, అంతకంటే నేను చెప్పలేను" అని ఒకరు గొంతు తగ్గించి అన్న క్షణాన ఏమి జరుగుతుందో మీరు చూసే ఉంటారు. కళ్లు మూసుకోవలసినవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, కూడిక ముగిశాక గుమ్మం దగ్గర ఆ మిగతాదంతా బయటికి వస్తుంది. చెప్పింది అక్షరాలా నిజమే కావచ్చు. అయినా అది వారి అనుమతి లేకుండా తీసుకున్నది. పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను విశ్వాస బోధ కోసం 1529లో రాసిన తన చిన్న ప్రశ్నోత్తరిలో వివరిస్తూ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్, అబద్ధం చెప్పకపోవడంతో ఆగకుండా, పొరుగువాని పరువు తీయకూడదనీ, అతని పక్షాన మాట్లాడాలనీ, అతని పనులన్నిటికీ వీలైనంత మంచి అర్థం చెప్పాలనీ రాశాడు.

మీ కూడికలో ఒక నియమం పెట్టుకోమని అడగండి: ఎవరి విషయం వారే చెప్పాలి, ఇతరులది చెప్పాలంటే వారి అనుమతి ఉండాలి. అనుమతి లేనప్పుడు పేరూ వివరమూ లేకుండా దేవునికి చెప్పుకోవచ్చు, ఆయనకు వివరాలు మనం అందించనక్కరలేదు. అలాగే "మీకోసం ప్రార్థిస్తాను" అని మాట ఇచ్చి మరచిపోవడం కూడా మన మధ్య మామూలైపోయింది. దానికి మందు ఒకటే, ఆ మాట అన్నచోటనే నిలబడి ప్రార్థించడం. ఇక ఇప్పటికే బయటపడిన సంగతుల విషయానికి వస్తే, ఆ కుటుంబానికి వేరే దారిన తెలియకముందే, చెప్పినవారే వెళ్లి, ఎవరెవరి ముందు ఏమి చెప్పారో దాచకుండా ఒప్పుకుని క్షమాపణ అడగాలి.