ఆపిన ఇంజను వైపు ఏం జరుగుతుంది?

ప్రశ్న: మాకు రెండు డీజిలు ఇంజన్ల లాంచి ఉంది. నీటి గీత వద్ద దాని పొడవు దాదాపు 10 మీటర్లు. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు డీజిలు కలిసివస్తుందని మా సరంగు ఒక ఇంజను ఆపి, రెండోదానితోనే నడుపుతున్నాడు. ఇందువల్ల నష్టమేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నడపవచ్చు. అయితే అందరి దృష్టీ పనిచేస్తున్న ఇంజను మీదే ఉంటుంది గానీ, ముందుగా చూడవలసింది ఆపిన వైపు. లాంచి సాగుతున్నంతసేపూ నీటి ఒరవడికి అటువైపు పంకా (ప్రొపెల్లరు), దానితో షాఫ్టు, గేరుబాక్సు వెనుక భాగం తిరుగుతూనే ఉంటాయి. చాలా గేరుబాక్సుల్లో ఆయిలు పంపును తిప్పేది ఇంజనే కనుక, అది ఆగితే పంపూ ఆగి, బేరింగులు ఆయిలు అందకుండా తిరిగి వేడెక్కుతాయి. గేరు వేసి ఉంచితే షాఫ్టు తిరగదని కొందరు సరంగుల నమ్మకం. కానీ ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ గేరుబాక్సులో ఇంజను నడవనిదే క్లచ్చి పట్టదు, కనుక షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. కొన్ని రకాలు ఇలా తిరగడాన్ని తట్టుకుంటాయి. మీది ఏ రకమో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూడండి. అందులో అనుమతి లేకపోతే, లాంచిని నిలిపి, గేరుబాక్సుకు షాఫ్టు కలిసే కప్లింగు వద్ద దాన్ని కదలకుండా బిగించి, మళ్ళీ స్టార్టు చేసే ముందు ఆ బిగింపును మరవకుండా తీసేయాలి. షాఫ్టు వెంట నీరు లోపలికి రాకుండా ఆపే సీలుకు చల్లటి నీరు ఆ ఇంజను పంపు నుంచే వస్తుంటే, రెండు వైపులనూ కలుపుతూ ఒక గొట్టం వేయించండి.

ఇక నడిచే ఇంజను సంగతి. రెండింటి బరువును ఒక్కటే లాగుతుంది కనుక అది పూర్తి చుట్లు అందుకోలేదు. అయినా థ్రాటిలు పెంచుతూ పోతే నల్లపొగ వస్తుంది, ఇంజను వేడెక్కుతుంది. మీ లాంచి పొడవుకు అలల నిరోధం బాగా పెరిగే వేగం సుమారు 7.7 నాట్లు, అంటే గంటకు 14 కిలోమీటర్లు. ఒక ఇంజనుతో నిశ్చల నీటిలో 5 నాట్లు దాటవద్దని నా సలహా.

కుడి ఇంజను ఒక్కటే నడిస్తే లాంచి ముక్కు ఎడమకు లాగుతుంది. చుక్కానిని కాస్త కుడికి పట్టి ఉంచాలి, కుడివైపు మలుపు కష్టం. అందుచేత రేవుకు చాలా ముందే రెండో ఇంజను స్టార్టు చేయించండి. చుక్కాని హైడ్రాలిక్ పంపు ఒకే ఇంజనుకు ఉంటే, ఆపవలసింది ఆ పంపు లేనిదాన్ని.

పొదుపు మాటకు వస్తే, దానిలో ఎక్కువ భాగం వేగం తగ్గడం వల్ల వచ్చేదే. అదే వేగంతో రెండు ఇంజన్లూ నడిపి ఒకసారి డీజిలు కొలిచి చూడండి. ప్రయాణికులు ఉన్నప్పుడు, గోదావరి ఎర్రనీటితో పారే రోజుల్లో మాత్రం రెండూ నడవవలసిందే.